కాస్ట్‌హౌస్‌లో అడుగుపెట్టే ముందు

గాజువాక,
ఆదివారం

చిరంజీవి మాధవికి,

పెదనాన్న ఆశీస్సులు. నీకు విశాఖ స్టీల్ ప్లాంట్‌లో, ఖనిజం కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నెస్‌లో పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. 1990లో ఇక్కడ మొదటి ఫర్నెస్ వెలిగింది. దానికి గోదావరి అని, తర్వాత వచ్చినవాటికి కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. వాటి దగ్గర నువ్వు పనిచేస్తావంటే నాకెంత సంతోషమో. ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని రాస్తున్నాను.

చేరగానే ఏసీ కంట్రోల్ రూమ్‌లో కూర్చోమంటారు. వద్దని చెప్పు. మొదటి ఏడాది కాస్ట్‌హౌస్, అంటే కరిగిన ఇనుము బయటికి వచ్చే చోటు, అడిగి వేయించుకో. ఫర్నెస్ కిందిభాగంలోని ట్యాప్‌హోల్ తెరిచినప్పుడు 1,500 డిగ్రీల దగ్గర హాట్ మెటల్ (కరిగిన ఇనుము) రన్నర్ కాలువలో పారుతుంటే నిప్పురవ్వలు చూడు. ఇనుములో సిలికాన్ తగ్గి ఫర్నెస్ చల్లబడుతుంటే రవ్వలు ఎక్కువవుతాయి. ఇనుము మీద తేలే మలినాల ద్రవం, అదే స్లాగ్‌లో, కడ్డీ ముంచి ఎత్తి చూడు. అరిసెల పాకంలా తీగ సాగి, ఆరాక గాజులా మెరిస్తే సున్నం తక్కువైనట్టు. తీగ రాకుండా చుక్కలుగా తెగి, రాయిలా గడ్డకడితే సున్నం ఎక్కువైనట్టు. ల్యాబ్ రిపోర్ట్ వచ్చేలోపే నీకు సంగతి తెలిసిపోతుంది. అక్కడ ఇరవై, ముప్పై ఏళ్లుగా ట్యాప్‌హోల్‌ని మట్టితో మూసే మడ్ గన్ నడిపేవాళ్లు ఉంటారు. వాళ్లని గారూ అని పిలువు, పక్కన నిలబడి నేర్చుకో. ఏ కాలేజీలోనూ చెప్పని పాఠం వాళ్ల దగ్గరుంది.

ఇప్పుడు అసలు మాట. ఫర్నెస్ ఆలస్యంగా జవాబిస్తుంది. ఇక్కడికి రాకముందు వేరే ప్లాంట్‌లో ఉండగా, ఒక రాత్రి షిఫ్టులో సిలికాన్ 0.6 నుంచి 0.3 శాతానికి పడింది. భయపడి కోక్ (బొగ్గు నుంచి చేసే ఇంధనం) పెంచాను. రెండు గంటలైనా మార్పు లేదు. మళ్లీ పెంచాను. పైన వేసిన కోక్, కింద వేడిగాలి ఊదే గొట్టాలైన ట్యూయర్ల దాకా దిగాలంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుందని చదువుకున్నవాణ్నే, టెన్షన్‌లో గుర్తుకు రాలేదు. నేను ఇంటికెళ్లి పడుకున్నాక ఆ కోకంతా కిందికి చేరింది. ఫర్నెస్ వేడెక్కిపోయి, సరుకు దిగకుండా వేలాడింది. పాపం, పగటి షిఫ్టువాళ్లు గాలి తగ్గించి దాన్ని దించుకుంటూ రోజంతా అవస్థపడ్డారు. ఆ సాయంత్రం మా షిఫ్టు ఇన్‌చార్జి నన్ను తిట్టలేదు. లాగ్‌బుక్ నా ముందుపెట్టి చదవమన్నారు. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తొందరగా పలికేవి బ్లాస్ట్ టెంపరేచర్ (ఊదే గాలి వేడి), స్టీమ్. ట్యూయర్ల గుండా పంపే బొగ్గుపొడి తీరు వేరు: పెంచగానే ట్యూయర్ల ముందు మంట చల్లబడుతుంది, కొన్ని గంటలకు గానీ వేడి పెరగదు. తెలియనివాళ్లు ఆ చల్లదనం చూసి ఇంకా పెంచేస్తారు. అందుకే ఏ మార్పు చేసినా ఎప్పుడు చేశావో, జవాబు ఎప్పటికి రావాలో నోటుబుక్‌లో రాసుకో. తర్వాతి షిఫ్టువాళ్లకి అది నోటితో చెప్పి మరీ ఇంటికి వెళ్లు.

ఫర్నెస్ గ్యాస్‌లో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా లేదు, రంగూ లేదు. గ్యాస్ మానిటర్ లేకుండా, తోడు లేకుండా ఫర్నెస్ పైకి ఎక్కవద్దు. ఒక్క నిమిషం పనే అన్నా సరే, ఎక్కవద్దు తల్లీ. సముద్రపు గాలి ఎటు వీస్తోందో చూసుకుని నిలబడు.

వీలు దొరికినప్పుడు కోక్ ఓవెన్లకి, ఖనిజపు పొడిని గడ్డలు కట్టించే సింటర్ ప్లాంట్‌కి వెళ్లిరా. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఖనిజం కేకే (కొత్తవలస–కిరండూల్) రైలు లైన్లో కొండలు దిగి వస్తుంది, కోకింగ్ బొగ్గు ఓడల్లో వస్తుంది. వాటితో వచ్చే అల్యూమినా స్లాగ్‌లో పెరిగితే స్లాగ్ చిక్కబడి బయటికి పారడం కష్టమవుతుంది. అలాంటప్పుడు ఫర్నెస్‌లో కనిపించే జబ్బుకి మూలం సరుకు కుప్పల దగ్గరే దొరకొచ్చు.

అయిదారేళ్లు ఇలా గడిపాక దారులు చాలా ఉంటాయి: రిఫ్రాక్టరీలు (వేడిని తట్టుకునే ఇటుకల పని), డిజైన్ సంస్థలు, రీసెర్చ్. 2023లో జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వాళ్లు ఫర్నెస్‌లోకి హైడ్రోజన్ పంపి చూశారు. కోక్ వాడకం తగ్గించే పని ముందు ముందు మీ తరమే చేయాలి. దానికీ ఫర్నెస్ లోపల ఏం జరుగుతోందో తెలిసినవాళ్లే కావాలి.

నా పాత నోటుబుక్కులు రెండు మీ నాన్నతో పంపిస్తున్నాను. ఆ రాత్రి సంగతి నీలం అట్ట పుస్తకంలో ఉంది, గంటగంటకీ రాశాను. నువ్వు మొదటి ట్యాపింగ్ చూశాక ఆ ఆదివారం ఇంటికి రా. రవ్వలు ఎలా లేచాయో నాకు చెబుదువుగాని. మీ పెద్దమ్మ బొమ్మిడాయిల పులుసు చేస్తానంటోంది.

మీ పెదనాన్న