పెరటిలో పుచ్చ, ఖర్బూజ పాదులు పెట్టబోయే అమ్మాయికి

బాపట్ల

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంటి వెనుక ఉన్న 60 గజాల జాగాలో ఈ వేసవికి పుచ్చ, ఖర్బూజ వేయాలనుకుంటున్నామని, ఏ రకం విత్తనం కొనాలో చెప్పమని నీవు వ్రాసిన ఉత్తరం అందింది. మీది ఎర్ర చల్కా నేల అన్నావు కనుక సగం చింత తీరినట్లే. నీరు నిలవని, త్వరగా వేడెక్కే తేలిక నేల ఈ రెండు తీగలకూ సరిపోతుంది. ఇక మిగిలినది రకాన్ని ఎంచుకోవడం. ఇంటితోటకు రకాన్ని ఎంచుకునే పద్ధతి వేరు, అమ్మకానికి పండించే రైతు ఎంచుకునే పద్ధతి వేరు అన్నది నీవు మొదట గుర్తుంచుకోవాలి.

విత్తనాల దుకాణానికి వెళ్లి మంచి రకం ఇమ్మని అడిగితే, వారు సాధారణంగా రైతులు ఎక్కువగా కొనే సంకరజాతి విత్తనాన్నే చేతిలో పెడతారు. అది చెడ్డది కాదు. కాని లారీలో ఒకదానిమీద ఒకటి పేర్చినా పగలని మందమైన తొక్క, నాలుగైదు రోజులు దుకాణంలో ఉన్నా మెత్తబడని కండ, ఒకే పరిమాణంలో ఒకేసారి కోతకు వచ్చే కాపు వంటి గుణాలు వ్యాపారానికి కావలసినవి. నీ పెరటి నుండి వంటింటికి ఇరవై అడుగుల దూరం కూడా ఉండదు. నీకు కావలసినది తక్కువ రోజులలో కాపుకు వచ్చి, తెగుళ్లను కొంతైనా తట్టుకొని, ఇంటిల్లిపాదీ ఒక పూటలో తినగలిగినంత కాయనిచ్చే రకం.

ఈ లెక్కన చూస్తే పుచ్చ కంటే ఖర్బూజకే ఎక్కువ చోటు ఇమ్మని నా సలహా. మందమైన తొక్క కారణంగా పుచ్చకాయను తీగ మీద పండనిచ్చి కోసినా దూరం పంపవచ్చు కనుక బజారులో మంచి పుచ్చకాయ దొరకడం కష్టం కాదు. ఖర్బూజ అటువంటిది కాదు. పూర్తిగా పండిన కాయ ఒకటి రెండు రోజులకు మించి నిలవదు కనుక దూరపు బజారుకు పంపేవారు దానిని కొంత ముందుగానే కోయవలసి వస్తుంది. కోసిన తరువాత కాయ మెత్తబడుతుంది, వాసన కూడా వస్తుంది, కాని తీపి మాత్రం పెరగదు. తీగ మీదనే పండి, తొడిమ దగ్గర తానుగా వీడిన ఖర్బూజ రుచి పెరడు ఉన్నవారికే దక్కుతుంది. అందువల్ల పుచ్చ నాలుగు పాదులు, ఖర్బూజ ఎనిమిది పాదులు పెట్టుకుంటే మిగిలిన జాగా ఆకుకూరలకు, నడవడానికి సరిపోతుంది.

ఖర్బూజలో నేను మొదట చెప్పేది అర్క జీత్. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారు లక్నో ప్రాంతపు స్థానిక రకం నుండి దీనిని ఎంపిక చేశారు. కాయ చిన్నది, సాధారణంగా కిలోకు లోపే తూగుతుంది, కండ తెల్లగా, మిక్కిలి తీయగా ఉంటుంది. పండేసరికి తొక్క నారింజ గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక కొత్తగా పండించేవారికి ఎప్పుడు కోయాలో అన్న సందేహం ఉండదు. రెండవది అదే సంస్థ వారి అర్క రాజహంస్. ఇది కొంచెం పెద్ద కాయ, గట్టి కండ, బూడిద తెగులును తట్టుకుంటుంది, కోసిన తరువాత మరి కొన్నాళ్లు నిలుస్తుంది. ఎనిమిది పాదులలో ఐదు అర్క జీత్, మూడు అర్క రాజహంస్ వేస్తే ఒక రకం దెబ్బతిన్నా రెండవది చేతికి వస్తుంది. పిల్లలు నారింజ రంగు కండ కావాలని పట్టుబడితే ఢిల్లీ పూసా సంస్థ వారి పూసా శర్బతి వేయి. పంజాబు రకమైన హరా మధు రుచిని చాలామంది పొగుడుతారు. నిజమే, ఆకుపచ్చ కండ చాలా తీయనిది, కాని అది ఆలస్యంగా పండే రకం, తెగుళ్లకు లొంగుతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు.

పుచ్చలో షుగర్ బేబీని మించిన పెరటి రకం నాకు కనబడలేదు. అమెరికా నుండి వచ్చి మన దేశంలో ఎప్పుడో స్థిరపడిన ఈ రకం విత్తిన 80, 85 రోజులలో కోతకు వస్తుంది. కాయ గుండ్రంగా మూడు నుండి ఐదు కిలోల వరకు తూగుతుంది, గింజలు చిన్నవి. దీనితో ఉన్న చిక్కు ఒక్కటే. తొక్క మొదటి నుండీ నల్లని ఆకుపచ్చ రంగులో ఉండడం వల్ల పైకి చూసి పండినదీ లేనిదీ చెప్పలేము. నేలకు ఆనిన భాగం తెలుపు నుండి పసుపుకు తిరగాలి, కాయ పక్కనున్న నులితీగ ఎండిపోవాలి, ఈ రెండూ కలిసినప్పుడే కోయాలి. పుచ్చ కోసిన తరువాత పండదు. స్థలం మరీ తక్కువైతే అర్క ముత్తు చూడు. దాని తీగ నాలుగు అడుగులకు మించి సాగదు, కాయ రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. బూడిద తెగులు, బూజు తెగులు రెండింటినీ తట్టుకునే అర్క మాణిక్ మంచి రకమే గాని దాని కాయ సుమారు ఆరు కిలోలు ఉంటుంది. నలుగురున్న ఇంట్లో సగం కాయ ఫ్రిజ్‌లో మూలుగుతుంది. జపాను రకమైన అసాహీ యమాటోకు కూడా ఇదే మాట వర్తిస్తుంది.

గింజలు లేని పుచ్చ గురించి అడిగావు. వద్దు. ఆ విత్తనం ఖరీదైనది, మొలవడం కష్టం, పైగా కాయ పట్టాలంటే పక్కన గింజలున్న రకం కూడా వేసి దాని పుప్పొడి అందేలా చూడాలి.

రోజుల లెక్క మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇక్కడ తీరంలో మేము డిసెంబరులోనే విత్తుతాము. మీ సంగారెడ్డి వైపు డిసెంబరు రాత్రులు చాలా చల్లనివి, ఆ చలిలో గింజ మొలవక నేలలోనే కుళ్లిపోతుంది. జనవరి రెండవ వారం దాటాక విత్తు. అప్పుడు 85 రోజుల రకం ఏప్రిల్ మొదటి వారాలలో ముగుస్తుంది. 110 రోజుల రకమైతే మే నెలలోకి పోయి అకాల వర్షాలకు, వడగండ్లకు చిక్కుతుంది. కాయ పండే వేళ వాన పడితే తీపి చప్పబడుతుంది, కాయలు పగులుతాయి. ఆ దశలో నీవు పోసే నీరు కూడా తగ్గించాలి.

మరుసటి ఏటికి విత్తనం దాచుకోవాలనుకుంటే మరొక జాగ్రత్త. పైన చెప్పినవి సంకరజాతులు కావు కనుక వాటి గింజలు దాచుకోవచ్చు. అయితే మన పప్పులో వేసుకునే దోసకాయ, ఖర్బూజ ఒకే జాతివి, తేనెటీగలు వాటి పుప్పొడిని కలిపేస్తాయి. ఈ ఏటి కాయ రుచి మారదు, ఆ గింజలు వేస్తే వచ్చే ఏడు మాత్రం ఏ కాయ వస్తుందో చెప్పలేము. ఖర్బూజ రకాలు రెండు వేసినా అంతే. విత్తనానికి ఉంచదలచిన, అడుగున చిన్న పిందె ఉన్న పువ్వును ముందురోజు సాయంత్రమే పలుచని గుడ్డ సంచిలో కట్టి, ఉదయం అదే రకపు మగపువ్వుతో నీవే పుప్పొడి అద్ది, మళ్లీ కట్టివేయాలి. పుచ్చకు దోసతో గాని ఖర్బూజతో గాని ఈ బెడద లేదు.

బెంగళూరు సంస్థ వారి విత్తనాలు వారి అంతర్జాల విక్రయ కేంద్రంలో దొరుకుతాయి. పొట్లం మీద మొలక శాతం, పరీక్షించిన తేదీ చూసి తీసుకో. రంగు పూసిన గింజలైతే అది మందు, పిల్లలను తాకనివ్వకు.

కొనే ముందు నాకు ఒక సంగతి వ్రాయి. తూర్పు గోడ వైపు పక్కింటి మామిడి చెట్టు నీడ పడుతుందన్నావు. ఆ వైపు రోజుకు ఎన్ని గంటలు ఎండ ఉంటుందో ఒక ఆదివారం గమనించు. ఆరు గంటలకు తక్కువైతే అక్కడ పాదులు పెట్టవద్దు, ఆకుకూరలు చల్లుకో. అప్పుడు పుచ్చ రెండు పాదులు తగ్గించి, ఖర్బూజ అలాగే ఉంచుదాము.

అల్లుడుగారికి, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న