రజో పండక్కి పండ్ల పేస్ట్రీ: కొన్న పఫ్ షీట్ అడుగు మెత్తబడకుండా చేయాలంటే

రాయగడ నుంచి మీరు అడిగింది ఇదీ: విశాఖ నుంచి పఫ్ పేస్ట్రీ షీట్లు తెచ్చుకున్నారు, పైన మామిడిపండు ముక్కలు పేర్చి ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) పెట్టారు. అంచులు సగమే పొంగాయి, అడుగు జిగురుగా పచ్చిగా ఉండిపోయింది. ఏటా జూన్ మధ్యలో ఒడియావాళ్లు చేసుకునే రజో పండక్కి పోడపిఠా (నెమ్మదిగా కాల్చిన బియ్యప్పిండి కేకు) పంపించే ఒడియా పక్కింటివాళ్లకి ఈసారి మీరూ ఏదైనా కొత్తగా పంపాలనుకుంటున్నారు. వాళ్లు గుడ్డు తినరు. చూడ్డానికి మాత్రం పెద్ద బేకరీలో కొన్నట్టు ఉండాలి.

మాదీ ఒడిశాయే, పర్లాకిమిడి. ఏరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. జూన్‌లో ఎండ, ఉక్క, కరెంటు కోతలు మీకెంతో మాకూ అంతే. కాబట్టి యూట్యూబ్ వీడియోల్లో ఏసీ వంటింట్లో చేసేవాళ్ల మాట కాకుండా, మన వాతావరణంలో నేను చేసే పద్ధతి చెప్తాను. ముందుగా ఒక్క సంగతి. పిండినీ పండునీ కలిపి ఓవెన్లో పెట్టడం మానేయండి. పిండి విడిగా కాలాలి, పండు తర్వాత ఎక్కాలి. దాంతో అడుగు పచ్చిగా ఉండే బాధ చాలావరకు పోతుంది.

కారణం పెద్ద చిక్కుదేం కాదు. మామిడిపండులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీళ్లే. ఆ తడి కింది పిండిలోకి దిగినంతసేపూ అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు, నీళ్లు ఆవిరవడంతోనే సరిపోతుంది. పిండి కరకరలాడాలన్నా, ఎర్రగా రంగు రావాలన్నా అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే మీకు అంచులు కాలాయి, మధ్యలో ఉడికిన మైదా మిగిలింది.

ఇక పొంగకపోవడం. పఫ్ షీట్‌లో మైదా పొరకీ పొరకీ మధ్య కొవ్వు పొర ఉంటుంది. ఓవెన్ వేడికి పిండిలోని తడి ఆవిరై పొరల్ని పైకి నెడుతుంది, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా కొవ్వు అడ్డం ఉంటుంది. ఆ కొవ్వు ఓవెన్‌కి ముందే కరిగి మైదాలో ఇంకిపోతే ఇక విడివిడి పొరలంటూ ఉండవు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది. మనకి దొరికే షీట్లు ఎక్కువగా వెన్నవి కాదు, మార్జరిన్‌వి. అవి ఇంకాస్త వేడికి ఆగుతాయి గానీ, విశాఖ నుంచి రైల్లో మామూలు సంచిలో వస్తే వాటికీ కష్టమే. మీ షీట్లు దారిలో మెత్తబడి, ఇంటికొచ్చాక మళ్లీ ఫ్రీజర్లో గట్టిపడి ఉంటే, పొంగు సగం అక్కడే పోయింది. థర్మాకోల్ డబ్బాలో ఐసు సర్ది తెచ్చుకోండి.

అసలు విశాఖ దాకా ఎందుకు? మీ ఊళ్లో ఎగ్ పఫ్, కర్రీ పఫ్ వేసే బేకరీకి ముందురోజే వెళ్లి, కాల్చని పఫ్ పిండి అర కిలో ఇస్తారా అని అడిగి చూడండి. అది ఇదే పిండి. మా బజార్లో అడిగితే పొద్దున్నే తూచి ఇస్తారు. షీట్‌కంటే కాస్త మందంగా ఉంటుంది, రుచిలో పెద్ద తేడా ఉండదు, ధర కూడా తక్కువే పడుతుంది. డబ్బా పిండికి అలవాటుపడినవాళ్లు మొహమాటపడతారు గానీ ఇందులో తప్పేముంది.

షీట్ ఫ్రీజర్లో ఉంటే, రాత్రే తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. బయట గట్టు మీద కరిగించొద్దు. తెల్లవారుజామునే పని మొదలుపెట్టండి. ఎనిమిది దాటితే వంటింటి గట్టు కూడా వెచ్చగా ఉంటుంది. మైదా చిటికెడు చల్లి, అప్పడాల కర్రతో నొక్కకుండా పరిచి, స్కేలు పెట్టి ఒకే కొలత చతురస్రాలు కోయండి. నవ్వకండి, నిజంగానే పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు. బేకరీ పేస్ట్రీ అందంగా కనబడేది సగం ఆ కొలత వల్లే. కత్తి పదునుగా ఉండాలి, కిందికి దించాలే తప్ప ఈడ్చకూడదు. మొద్దు కత్తితో ఈడిస్తే అంచు పొరలు నలిగి అతుక్కుపోతాయి, ఆ పక్క పొంగదు.

చతురస్రం లోపల అంచుకి ఒక సెంటీమీటరు దూరంలో చుట్టూ గీత పెట్టండి, సగం లోతు వరకే. గీత లోపలి భాగాన్ని ఫోర్కుతో బాగా పొడవండి. బయటి అంచు పొంగి గోడలా లేస్తుంది, మధ్యలో పళ్లెంలా అణిగి ఉంటుంది. గుడ్డు బదులు పాలలో చిటికెడు పంచదార కలిపి ఆ అంచు మీద రాయండి. ఇక్కడ మాత్రం చేయి జాగ్రత్త. పాలు పక్కలకి కారితే పొరలు అంటుకుపోతాయి. బ్రష్‌ని గిన్నె అంచుకి బాగా ఒత్తి, పైభాగం మీదే పలచగా ఒక్కసారి తిప్పండి. తర్వాత ట్రే మొత్తం ఫ్రిజ్‌లో పావుగంట ఉంచండి.

ఓటీజీ పైన, కింద రాడ్లు రెండూ వేసి 200 డిగ్రీల దగ్గర కనీసం పావుగంట, వీలైతే ఇరవై నిమిషాలు ముందే వేడెక్కనివ్వండి. లైటు ఆరిందని వేడెక్కిందనుకోకండి. ఇంకోటి, మన దగ్గర వోల్టేజీ. 230 ఉండాల్సింది 180కి పడిపోయిందంటే రాడ్డు ఇచ్చే వేడి దాదాపు నలభై శాతం తగ్గిపోతుంది. వోల్టేజీ తగ్గినంత మాత్రమే వేడి తగ్గదు, వర్గం లెక్కన పడిపోతుంది. మీ ఇంట్లో సాయంత్రం ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే ఆ వేళ పేస్ట్రీ పెట్టకండి. ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కుంటే ఈ టెన్షన్ ఉండదు. ఫ్రిజ్‌లోని ట్రే ఓవెన్లో పెట్టి 200 డిగ్రీల్లో పావుగంట, తర్వాత 180 డిగ్రీలకి తగ్గించి మరో ఎనిమిది పది నిమిషాలు. మొదటి పన్నెండు నిమిషాలు తలుపు తీయొద్దు. చిన్న ఓటీజీలో తలుపు తీస్తే వేడంతా ఒక్కసారి బయటికి పోతుంది. మధ్యలో కరెంటు పోయినా తలుపు మూసే ఉంచండి, అయిదు నిమిషాల్లో వస్తే ఏమీ కాదు.

పైరంగు చూసి దించేయకండి, ఒకటి ఎత్తి అడుగు చూడండి. అడుగు కూడా ఇటుక రంగుకొస్తేనే అయినట్టు. తీసిన వెంటనే మధ్యభాగాన్ని గరిటె వెనకవైపుతో మెల్లగా అదిమి, జాలీ మీదకి మార్చండి. ట్రేలోనే వదిలేస్తే కింద ఆవిరి పట్టి, కష్టపడి తెచ్చుకున్న కరకర పోతుంది.

లోపలికి క్రీమ్. గుడ్డు లేదు కాబట్టి కస్టర్డ్ పౌడరే సులువు. ఇది కూడా మీలాంటి ఇబ్బందిలోంచి పుట్టిందే. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన భార్యకి గుడ్డు పడదని 1837లో మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ తయారుచేశాడు. పావు లీటరు పాలకి రెండు పెద్ద చెంచాలు నిండుగా పౌడరు, మూడు చెంచాల పంచదార. డబ్బా మీద రాసినదానికంటే ఇది బాగా చిక్కన, అలాగే ఉండాలి. బుడగలొచ్చాక ఒక నిమిషం తిప్పుతూ ఉడికించి, ప్లాస్టిక్ కాగితం క్రీమ్ పైభాగానికి అంటుకునేట్టు కప్పి చల్లార్చండి.

అయితే నాకు దీనికంటే ఛెనా, అంటే పాలు విరగ్గొట్టి తీసే ముద్ద, ఇష్టం. ఒడిశాలో ఉండి ఛెనా వాడకపోవడం ఏమిటి? మిఠాయి కొట్లో తాజా ఛెనా రెండు వందల గ్రాములు తెచ్చి, నూలు బట్టలో మూటకట్టి బరువు పెట్టి నీళ్లు దిగనిచ్చి, రెండు చెంచాల మీగడ, పంచదార పొడి, యాలకులు వేసి మిక్సీలో నున్నగా తిప్పండి. కస్టర్డ్ కంటే తడి తక్కువ, కాబట్టి పేస్ట్రీ ఎక్కువసేపు నిలుస్తుంది. పైగా మీ పక్కింటివాళ్లకి తెలిసిన రుచి. ఛెనాని పంచదారతో కాల్చి చేసే ఛెనాపోడ తిన్నవాళ్లెవరూ దీన్ని కాదనరు. మార్జరిన్ షీట్ నాలుక మీద కొంచెం జిడ్డు పొర వదులుతుంది, అది తెలియకుండా ఈ ఛెనాలో నిమ్మతొక్క తురుము, రవ్వంత ఉప్పు వేయండి.

పండ్ల దగ్గర తొందరపడకండి. మామిడిలో బంగినపల్లి సరే, మన వైపు సువర్ణరేఖ దొరికితే ఇంకా మంచిది, ఆ ఎరుపు బుగ్గ తొక్కతో పాటు పోయినా పండు రంగు బాగుంటుంది. కానీ రజో వేళకి అది వెనకపడిపోతుంది, కాబట్టి చేతికందినదాంట్లో కాస్త గట్టిగా ఉన్నది ఏరుకోండి. రసం కారేది వద్దు. బుగ్గల్ని పలచగా, మూడు మిల్లీమీటర్ల మందాన కోసి, బట్ట మీద పరిచి పైన ఇంకో బట్టతో అద్దండి. తర్వాత ఒకదాని మీద ఒకటి జరిపి విసనకర్రలా పరవండి.

అనాసపండు మీద చాలామంది పప్పులో కాలేస్తారు. మా కొండల మీంచి సవర గిరిజనులు తెచ్చే అనాస మంచి తీపి, కానీ పచ్చిగా పాల క్రీమ్ మీద పెడితే కాసేపటికి చేదెక్కుతుంది. దాంట్లోని బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పాలలోని ప్రొటీన్‌ని విరిచేస్తుంది. ముక్కల్ని కొంచెం పంచదారతో అయిదారు నిమిషాలు ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, తర్వాత నిశ్చింతగా వాడొచ్చు. ఉడికిన నీరు పారబోయకండి, దాని పని కింద చెప్తాను. బొప్పాయిదీ ఇదే కథ. పనస వాసన మిగతావాటన్నిటినీ మింగేస్తుంది, పేస్ట్రీలో వద్దు. నేరేడు అందమైన రంగే, కానీ గుజ్జు తీసి పంచదారతో దగ్గరగా ఉడికిస్తేనే, లేకపోతే క్రీమ్ అంతా వంకాయ రంగు. సీతాఫలం కాలంలో చేస్తే గుజ్జుని పొయ్యి మీద పెట్టకండి, వేడి చేస్తే చేదొస్తుంది. చల్లని ఛెనాలోనే కలపండి.

మెరుపుకి జామ్ వాడతారు. ఇంట్లో ఉండే మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ ఎర్రగా ఉంటుంది, మామిడి మీద మురికిగా కనబడుతుంది. పైనాపిల్ జామ్ రెండు చెంచాలు, ఇందాకటి అనాస నీరు ఒక చెంచా కలిపి వేడిచేసి వడగట్టి, గోరువెచ్చగా ఉండగా పలచగా రాయండి. మెరుపు కోసమే కాదు, ముక్కలు ఎండిపోకుండా కూడా.

చూపు విషయంలో నా అభిప్రాయం గట్టిదే: ఒక పేస్ట్రీ మీద ఒకటే పండు, మహా అయితే రెండు. పొంగిన అంచు బయటికి కనబడాలి, క్రీమ్ దాని మీదకి ఎక్కకూడదు. మధ్యలో ఒక పిస్తా చీలిక. టూటీఫ్రూటీ, డబ్బాలోని ఎర్ర చెర్రీ, సీసాలోంచి కొట్టే క్రీమ్ ఇవన్నీ పుట్టినరోజు కేకుకి వదిలేయండి.

ఇక ఎప్పుడు చేయాలన్నది. క్రీమ్, పండు పెట్టని ఉత్త పేస్ట్రీ గిన్నెలు ముందురోజు కాల్చి, పూర్తిగా చల్లారాక గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టుకోవచ్చు. మర్నాడు 160లో అయిదు నిమిషాలు వేస్తే మళ్లీ కరకర వస్తుంది. లోపల కరిగించిన వైట్ చాక్లెట్ పలచగా పూసి ఆరనిస్తే తడి దిగకుండా ఆపుతుంది. క్రీమ్, పండు పేర్చాక జూన్ ఉక్కలో రెండు గంటలు బాగుంటుంది, ఆపైన మెత్తబడుతుంది. కాబట్టి పక్కింటికి పంపే ముందు పేర్చి, వెంటనే పళ్లెంలో పెట్టి పంపేయండి. ఫ్రిజ్‌లో దాచుకుని సాయంత్రం తినమని మాత్రం చెప్పకండి.

కోయగా మిగిలిన పిండిని ముద్ద చేసి ఒత్తకండి, పొరలు చెదిరిపోతాయి. ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి అదిమి, వాము, ఉప్పు చల్లి, పట్టీలుగా కోసి అదే ఓవెన్లో కాలిస్తే ఖారీ (కరకరలాడే పొరల బిస్కెట్) తయారవుతుంది. మా ఇంట్లో పేస్ట్రీ పూర్తయ్యేలోపే అవి ఖాళీ. మీ ఓటీజీ ఎన్ని లీటర్లదో కింద రాయండి, ఒక్కసారికి ఎన్ని పెట్టొచ్చో చెప్తాను.