అవే మాటలతో ఎన్నాళ్లు ప్రార్థించాలి?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా తమ్ముడు తాగుడు మానాలని చాలా ఏళ్లుగా ప్రార్థిస్తున్నాను. ఉపవాసాలూ ఉన్నాను. మార్పు లేదు. ఇప్పుడు మోకరిస్తే రోజూ అవే మాటలు వస్తున్నాయి, మనసు మాత్రం కదలడం లేదు. ‘నీ విశ్వాసం చాలకే జవాబు రాలేదు’ అని తోటి విశ్వాసి ఒకరు అన్నారు. అప్పటినుంచి ప్రార్థనకు కూర్చోవాలంటేనే టెన్షన్. మానేయనా?
– ఒక సోదరి

జవాబు: మానొద్దమ్మా. ముందు ఆ మాటను మనసులోంచి తీసేయండి. తన శరీరంలోని ముల్లు, అంటే తనను వేధించే బాధ, తొలగించమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు తొలగలేదు. ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా?

ఇక అవే మాటలంటారా, సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి 26వ అధ్యాయంలో ఉంది. వ్యర్థమైన మాటలు వద్దని చెప్పినదీ ఆయనే. ఎక్కువ మాట్లాడితేనే దేవుడు వింటాడనుకునేవాళ్ల గురించి అన్న మాట అది. మీ బాధ మారనప్పుడు మాటలు ఎలా మారతాయి?

న్యాయం కోసం ఒక న్యాయాధిపతి దగ్గరికి పదే పదే వెళ్లిన విధవరాలి ఉపమానం లూకా 18వ అధ్యాయంలో ఉంది. దాన్ని చాలామంది తలకిందులుగా బోధిస్తారు, అది నాకు కష్టంగా ఉంటుంది. విసిగిస్తే దేవుడు దిగివస్తాడని కాదు దాని అర్థం. దేవునికి భయపడని, మనుషులను లెక్కచేయని ఆ న్యాయాధిపతే చివరికి న్యాయం తీర్చాడే, మరి దివారాత్రులు మొరపెట్టుకునే తన వాళ్ల మాట దేవుడు వినడా అన్నది ప్రభువు ప్రశ్న. ఆ వెంటనే, మనుష్యకుమారుడు, అంటే తాను, తిరిగి వచ్చేటప్పుడు భూమి మీద విశ్వాసం కనబడుతుందా అని అడిగాడు. అక్కడ విశ్వాసమంటే గుండెలో పొంగే ఉత్సాహం కాదనే నేను నమ్ముతాను. ఆ విధవరాలు మళ్లీ మళ్లీ వచ్చింది చూడండి, అదే విశ్వాసం. ఇన్నేళ్లుగా మీరు చేస్తున్నదీ అదే.

నా భార్య జబ్బుపడినప్పుడు స్వస్థత కోసం ఎంతో ప్రార్థించాను. ఆమె కోలుకోలేదు. ఆ రోజుల్లో నాకు సొంత మాటలు ఉండేవి కావు. 13వ కీర్తన చదివి ఆమెన్ అనేవాణ్ణి. ఆరు వచనాలే, ‘ఎన్నాళ్లవరకు’ అని మొదలవుతుంది. కొన్ని రాత్రులు అదీ ఎక్కువై 88వ కీర్తన తీసేవాణ్ణి. అది చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. అయినా అది దేవుని వాక్యంలో ఉంది. దేవునితో అలా మాట్లాడవచ్చని నేను అక్కడే నేర్చుకున్నాను. మీరూ మీ ప్రార్థనను చిన్నది చేసుకోండి. తమ్ముడి పేరు చెప్పి ‘ప్రభువా, కనికరించు’ అంటే చాలు. అదీ రాని రోజున పరిశుద్ధాత్మ తానే మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమా 8వ అధ్యాయం చెబుతోంది.

తొలి శతాబ్దాల సంఘంలో గొప్ప బోధకుడైన అగస్టీను తల్లి మోనికా ఏళ్ల తరబడి కొడుకు కోసం ఏడ్చింది. 387లో మిలాన్‌లో అతను బాప్తిస్మం పొందాడు, అదే ఏడాది ఆమె కన్నుమూసింది. మీ విషయంలోనూ అలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వలేను. మీ తమ్ముడికి సొంత మనసు ఉంది, ప్రార్థన దాన్ని లాగే తాడు కాదు. అతను మారకపోతే ఆ నేరం మీది కాదు.

ఇంకో మాట. తాగుడు వ్యసనమైతే అది జబ్బు కూడా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం అవిశ్వాసం కాదు. బాగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి డాక్టరు సలహాతోనే మాన్పించండి. ఈ భారం మీరు ఒక్కరే మోయకండి. నమ్మకమైన ఒక సహోదరితో వారానికోసారి కలిసి ప్రార్థించండి. మీలో తప్పులు వెతికే మనిషితో మాత్రం వద్దు.