చెక్క బాణాలు సొంతంగా చేసుకోవాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: 45 పౌండ్ల బలంతో లాగాల్సిన రికర్వ్ విల్లు (కొసలు ముందుకి వంగినది) ఉంది. చెక్క బాణాలు నేనే చేసుకుని, చట్టం అనుమతించే చోట వేటకి వెళ్లాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగులూ ఈకలూ తర్వాత. ముందు పుల్ల బిగువు మీ వింటికి సరిపోతుందో లేదో తేల్చుకోండి. దీన్నే స్పైన్ అంటారు. వదిలిన బాణం వంగి, వింటి పిడిని తప్పించుకుని, ఆ తర్వాతే తిన్నగా సాగుతుంది. పుల్ల మరీ గట్టిదైతే కుడిచేతివాటం వాళ్లకి ఎడమకి పోతుంది, మెత్తనిదైతే కుడికి. చాలామంది అది తమ గురి లోపమనుకుని అనవసరంగా అవస్థ పడతారు.

కొలవడం తేలికే. 26 అంగుళాల ఎడంతో రెండు ఆధారాలు పెట్టి, వాటి మీద పుల్లని ఆనించి, నడిమధ్య 2 పౌండ్ల బరువు వేలాడదీయండి. ఎన్ని అంగుళాలు కుంగిందో ఆ అంకెతో 26ని భాగించండి. 0.52 కుంగితే 50 పౌండ్ల స్పైన్, అంటే సుమారు 50 పౌండ్ల వింటికి తగిన పుల్ల. పుల్ల చివర కనిపించే వలయాల గీతలు అప్పుడు నిలువుగా ఉండాలి. పుల్లని తిప్పితే అంకె మారిపోతుంది. ఒక జట్టు పుల్లల మధ్య తేడా 5 పౌండ్లు దాటనివ్వకండి. బాణం 28 అంగుళాలు దాటితే అంగుళానికి సుమారు 5 పౌండ్ల గట్టి పుల్ల కావాలి. మొన బరువు పెంచినా గట్టి పుల్లే వాడాలి.

పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ చెక్క తేలిక, అరచేత్తో నొక్కినా తిన్నగా వస్తుంది. డగ్లస్ ఫర్ బరువు, మొండిది. వేటకి నా ఓటు దానికే. ఏ చెక్కయినా గ్రెయిన్, అంటే చెక్కలోని నార, ఈ కొస నుంచి ఆ కొసకి సాగాలి. మధ్యలో పక్కకి జారిందా, మొహమాటపడకుండా పక్కన పడేయండి. అలాంటిది వదిలే క్షణంలోనే విరిగి, చీలిక విల్లు పట్టిన చేతిలో దిగుతుంది. బాణం వేసే ముందు ప్రతిసారీ కొద్దిగా వంచి, చిటపట వినిపిస్తుందేమో చూడండి.

బాణం తోక చివర అల్లెతాడు ఇరికే ముక్కని నాక్ అంటారు. దాని గాడి వలయాల గీతలకి అడ్డంగా రావాలి. గీతల వెంబడే పెడితే అల్లెతాడు దెబ్బకి పుల్ల నిలువునా చీలుతుంది. నాక్, మొన అతికించడానికి పుల్ల కొసల్ని నాక్ వైపు 11 డిగ్రీలు, మొన వైపు 5 డిగ్రీల కోణంలో సన్నగా చెక్కి, వార్నిష్ పలచగా మూడు నాలుగు పూతలు వేయండి. తేమ తగిలితే పుల్ల వంకరపోతుంది. 5 అంగుళాల ఈకలు మూడు చాలు, కానీ మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. బ్రాడ్‌హెడ్ (వేటకి వాడే పదునైన వెడల్పు మొన) అతికించాక మొన మీద బాణాన్ని గిర్రున తిప్పండి. ఊగితే జిగురు వేడిచేసి మళ్లీ సరిచేయాల్సిందే.

బాణం మొత్తం బరువు వింటి ప్రతి పౌండుకీ 0.6 గ్రాములైనా ఉండాలి, అంటే మీకు 27 గ్రాములు. తేలికైతే విల్లే దెబ్బతింటుంది.

ఇక వేట. 45 పౌండ్లు కొత్తవాళ్లకి బరువే. 30 పౌండ్ల వింటితో భంగిమ కుదిరాక దీన్ని ఎత్తండి. సాధనలో రోజూ మొదటి బాణం ఎక్కడ దిగిందో రాసిపెట్టుకోండి. చేతులు వేడెక్కకముందు వేసే ఆ ఒక్క బాణమే అడవిలో మీకు దొరికే అవకాశం. అది ఏ దూరం వరకు తప్పకుండా తగులుతుందో అదే మీ హద్దు; మొదట్లో 15 గజాలు దాటకపోవచ్చు. జంతువు పక్కకి తిరిగి నిలబడితేనే వదలండి, ఎదురుగా ఉంటే వద్దు. తగిలాక కనీసం అరగంట ఆగి జాడ పట్టండి. వెంటనే తరిమితే గాయంతోనే దూరంగా పారిపోతుంది.