మాట చక్కగా ఉందని ఉద్యోగం నిర్ణయించవచ్చునా?

విలియమ్స్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జన్యు స్థితి ఉన్న తమ 16 ఏళ్ల అమ్మాయి కొత్తవారితో సైతం ఎంతో కలుపుగోలుగా మాట్లాడుతుందని, లెక్కలు మాత్రం ఎంత నేర్పినా రావడం లేదని, అందువల్ల రిసెప్షనిస్టు శిక్షణలో చేర్పించాలనుకుంటున్నామని ఒక తల్లి రాశారు.

అమ్మా, మీ అమ్మాయి మాటకారితనం నిజమైన బలమే. అయితే దానిని మాత్రమే చూసి ఈ ఉద్యోగం ఎంచవద్దని నా సలహా. 7వ క్రోమోజోములో ఒక చిన్న భాగం, దానితో పాటు సుమారు 26 నుంచి 28 జన్యువులు లోపించడం వల్ల ఏర్పడే ఈ స్థితిలో పదసంపద, విన్నదాన్ని గుర్తుంచుకునే శక్తి సాధారణంగా మెరుగ్గా ఉంటాయి. దూరం, దిశ, ఆకారాల అమరిక, సంఖ్యలు, డబ్బు లెక్క మాత్రం చాలా కష్టమవుతాయి. పైగా, ధారాళమైన మాటను బట్టి ఎదుటివారు ఆమెకు అంతా అర్థమైందనుకుంటారు. "ముందు", "తరువాత", "కంటే ఎక్కువ" వంటి మాటల దగ్గరే ఆమె తడబడుతూ ఉండవచ్చు.

రిసెప్షన్‌లో ఫోను మోగుతుండగానే వచ్చినవారి వివరాలు రాసుకోవాలి, ఎవరిని లోపలికి పంపాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి. అపరిచితులను ఇట్టే నమ్మే స్వభావం, పైకి కనిపించని ఆందోళన, కొన్ని శబ్దాలను భరించలేకపోవడం ఈ పిల్లల్లో తరచుగా కనిపిస్తాయి కనుక, అక్కడ ఆమె మంచితనమే ఆమెకు ప్రమాదంగా మారుతుందేమోనని నా భయం.

మనుషులుండే పనే చూడండి, కానీ రోజూ అదే మనుషులు, అదే క్రమం, పక్కన ఒక పర్యవేక్షకురాలు ఉండాలి. వృద్ధాశ్రమంలో పెద్దవారికి చదివి వినిపించడం, శిశు తరగతిలో ఉపాధ్యాయురాలికి సాయపడటం అటువంటివి. పని నేర్పేటప్పుడు పటం గీసి చూపడం కన్నా, ఒక్కొక్క మెట్టును మాటల్లో చెప్పి, ఆమె చేత పైకి చెప్పించుకుంటూ చేయించడం మేలు.

శిక్షణకు ముందు మనస్తత్వ నిపుణుల చేత పరీక్ష చేయించి, భాషకు, దృశ్య అవగాహనకు విడివిడిగా ఫలితాలు అడగండి; మొత్తం ఐక్యూ ఒక్క అంకెగా చూస్తే ఆమె బలమూ, బలహీనతా రెండూ మరుగున పడతాయి. రక్తనాళాలు ఇరుకుకావడం ఈ స్థితిలో సాధారణం కనుక, శారీరక శ్రమ ఎంతవరకు తగునో హృద్రోగ నిపుణులను అడిగి తెలుసుకోండి. ఆ తరువాత ఒక చోట వారానికి రెండు పూటల చొప్పున కొన్ని వారాలు పని చేయించి, సాయంత్రం ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఎలా ఉన్నదో రాసిపెట్టుకోండి.