ఎన్నారై సందేహాలు: ఒక్క తూటా రైఫిల్‌లో గురి కుదిరేది ఏది?

సందేహం: మాది బెంగళూరు మారతహళ్ళి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని నేపర్‌విల్‌లో హెచ్-1బి మీద ఉద్యోగం చేస్తున్నాను. ఈసారి జింకల వేటకు తమతో రమ్మని ఆఫీసులో వాళ్ళు పిలుస్తున్నారు. ఇక్కడ రైఫిల్ వాడాలంటే ఒక్క తూటా మాత్రమే పట్టేది ఉండాలట. అలాంటి వాటిలో గురి బాగా కుదిరేది ఏది? ఖరీదైనది కొంటే తప్ప గురి రాదా?

జవాబు: మీ ఆఫీసువాళ్ళు చెప్పింది నిజమే. ఇల్లినాయ్‌లో జింకల వేటకు చాలాకాలం స్లగ్గులు (ఒక్కో తూటాలో ఒక్కటే ఉండే పెద్ద గుండ్లు) వేసే షాట్‌గన్, మందు దట్టించి కాల్చే తుపాకీ, కొన్ని రకాల చేతి తుపాకులు తప్ప రైఫిల్‌ను అనుమతించలేదు. 2023 జనవరి 1 నుంచి ఒక్క తూటా రైఫిల్‌కు అనుమతి వచ్చింది. అయితే ఏ తూటా పడితే ఆ తూటా పనికిరాదు. ఇత్తడి డొప్ప మెడ దగ్గర సన్నబడకుండా నిటారుగా ఉండి .30 కాలిబర్ (గుండు అడ్డుకొలత, అంగుళాల్లో) గానీ అంతకు మించి గానీ ఉండాలి. మెడ సన్నబడే రకమైతే డొప్ప పొడవు 1.4 అంగుళాలు దాటకూడదు. అందువల్ల ఇతర రాష్ట్రాల వేటగాళ్ళు మెచ్చుకునే .308 గానీ, .30-06 గానీ మీకు పనికిరావు. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాల్లో ఎక్కువ భాగం ఆ తూటాల గురించే కాబట్టి ముందుగా ఈ సంగతి చెబుతున్నాను.

రైఫిల్ సంగతికి వచ్చేముందు మీ వీసా గురించి మాట్లాడక తప్పదు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీని గానీ తూటాను గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. షూటింగ్ రేంజిలో స్నేహితుడి తుపాకీని కాసేపు చేతిలోకి తీసుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. దీనికి ఉన్న ముఖ్యమైన మినహాయింపు, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు మీ పేరున ఉండటం. ఇల్లినాయ్‌లో వేట లైసెన్సు మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ 1 ఉదయం కొత్త లైసెన్సు లేకుండా మీ అల్మరాలో రైఫిల్ ఉన్నదంటే, నిన్నటిదాకా సక్రమంగా ఉన్న మనిషి ఈ రోజు చట్టాన్ని అతిక్రమించినట్టే. 2022లో సవరించిన చట్టం ప్రకారం ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ళ వరకు ఉండవచ్చు. జైలు సంగతి అటుంచి, తుపాకీ నేరం దేశం నుంచి పంపించివేయడానికి కూడా కారణమవుతుంది. బెంగళూరు వచ్చినప్పుడల్లా జయనగర్‌లో మా అన్నయ్యగారింట్లో అమెరికా ప్రయాణానికి సిద్ధమైన తెలుగు పిల్లలు ఎందరో కనిపిస్తారు. అపార్ట్‌మెంటు అద్దె గురించీ, డ్రైవింగ్ లైసెన్సు గురించీ అన్నీ అడుగుతారు గానీ ఈ చట్టం ఒకటున్నదని వారిలో చాలామందికి తెలియదు. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. రేంజిలో అడుగుపెట్టకముందే వేట లైసెన్సు తీసుకోండి, మీ ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి. వీలైతే గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగడమే మేలని నా అభిప్రాయం. అది కాక ఇల్లినాయ్‌లో తుపాకీకైనా తూటాలకైనా స్టేట్ పోలీసు శాఖ ఇచ్చే ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) ఉండాలి. కొన్న తరువాత రైఫిల్ చేతికి రావడానికి 72 గంటలు ఆగాలి.

ఇక గురి విషయం. దుకాణంలో మీకు చూపించే కాగితం మీద మూడు రంధ్రాలు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. ఈ రైఫిల్ గురి ఇంత గొప్పదని చెబుతారు. వేటలో ఆ కాగితంతో పని తక్కువ. తెల్లవారుజామున చలిలో గంటల తరబడి కూర్చున్న తరువాత, మంచులా చల్లబడిన బ్యారెల్ నుంచి వెళ్ళే మొదటి గుండు ఎక్కడ తగులుతుందన్నదే మీకు కావలసిన సంగతి. ఒక్క తూటా రైఫిల్‌లో రెండో తూటా చేత్తో పెట్టుకునేలోపు జింక ఉండదు. కాబట్టి ఇవాళ చల్లని బ్యారెల్‌తో ఎక్కడ కొట్టిందో, పదిహేను రోజుల తరువాత మరో వాతావరణంలోనూ అక్కడే కొట్టే రైఫిల్ మంచిది. బ్యారెల్ వేడెక్కిన తరువాత అయిదు గుండ్లను ఎంత దగ్గరగా పెడుతుందన్నది ఆ తరువాతి మాట.

ఎంత గురి ఉంటే చాలు అన్నదానికి చిన్న లెక్క ఉంది. రైఫిల్ వాడేవారు మినిట్ ఆఫ్ యాంగిల్ అనే కొలత చెబుతారు. 100 గజాల దూరంలో అది సుమారు ఒక అంగుళం. తెల్లతోక జింక ఛాతీలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు దాదాపు ఎనిమిది అంగుళాల వెడల్పు ఉంటుంది. రెండు మినిట్ల రైఫిల్ 150 గజాల దగ్గర మూడు అంగుళాల వలయంలో గుండ్లు వేస్తుంది, అంటే మధ్య నుంచి ఒకటిన్నర అంగుళం అటూ ఇటూ. చేతి వణుకుకు, ఊపిరికి, గాలికి ఇంకా రెండున్నర అంగుళాలు మిగిలే ఉంటుంది. ఇల్లినాయ్ మొక్కజొన్న చేల అంచుల్లో, చెట్ల మధ్య కొత్తవారు అంతకంటే దూరం కాల్చవలసిన అవసరం రాదు, కాల్చకూడదు కూడా. అర మినిట్ రైఫిల్ కోసం అప్పు చేయనక్కరలేదు.

ఒక్క తూటా రైఫిల్ ప్రధానంగా రెండు రకాలు. మొదటిది మధ్యలో విరిచి తెరిచేది: సీవీఏ స్కౌట్, హెన్రీ సింగిల్ షాట్, పాతవాటిలో హెచ్ అండ్ ఆర్ హ్యాండీ రైఫిల్ ఈ కోవకు చెందుతాయి. రెండోది కింద ఉన్న మీటను లాగితే వెనుక ఉక్కు దిమ్మె కిందికి జారి తెరుచుకునేది. జాన్ బ్రౌనింగ్ 1879లో పేటెంటు పొందిన నమూనాను విన్‌చెస్టర్ కంపెనీ కొని 1885లో అమ్మకానికి తెచ్చింది. 1885 హైవాల్ అని ఇప్పటికీ అదే పేరు. రూగర్ నంబర్ వన్ 1967లో వచ్చింది, దానికి ప్రేరణ పందొమ్మిదో శతాబ్దపు ఫార్కర్సన్ రైఫిల్. ఈ రెండో రకంలో మూత గట్టిగా పడుతుంది, పనితనం చేతిలోకి తీసుకోగానే తెలుస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. బోల్టు (మామూలు రైఫిళ్ళలో వెనక్కి లాగి తూటా పెట్టే ఉక్కు కడ్డీ) వెనక్కి జరగడానికి చోటు అక్కరలేదు కనుక, అంతే బ్యారెల్ ఉన్న బోల్టు రైఫిల్ కంటే దాదాపు నాలుగు అంగుళాలు పొట్టిగా ఉంటుంది. చెట్టు మీద కట్టిన మంచెలో కూర్చున్నవారికి ఆ నాలుగు అంగుళాల విలువ తెలుస్తుంది.

రెండు రకాలకూ ఉన్న ఒకే బలహీనత చెక్క రెండు ముక్కలుగా ఉండటం, గురి సమస్యల్లో పెద్ద భాగం ఇక్కడే పుడుతుంది. బోల్టు రైఫిల్‌లో చెక్క మొత్తం ఒకటే ముక్క, బ్యారెల్ దాన్ని తాకకుండా వదిలేయవచ్చు. ఒక్క తూటా రైఫిల్‌లో ఎడమచేయి పట్టుకునే ముందు చెక్క వేరు. విరిచే రకంలో అది నేరుగా బ్యారెల్‌కే స్క్రూతో బిగించి ఉంటుంది. ఆ స్క్రూ ఎంత బిగించారు, వానకు చెక్క ఎంత ఉబ్బింది, మీరు దాన్ని దేని మీద ఆనించారు అన్నదాన్ని బట్టి బ్యారెల్ మీద ఒత్తిడి మారుతుంది, ఒత్తిడి మారితే గుండు తగిలే చోటు మారుతుంది. నాకు తెలిసిన అనేకులు రైఫిల్‌ను తిట్టుకుని అమ్మేశారు, తప్పు స్క్రూది. హ్యాండీ రైఫిల్ వాడేవారు స్క్రూ ఉన్నచోట చెక్కకూ బ్యారెల్‌కూ మధ్య చిన్న రబ్బరు ఓ-రింగ్ పెట్టి బిగిస్తారు. చెక్క ఇక బ్యారెల్‌ను ఆ ఒక్క చోటే మెత్తగా తాకుతుంది. హార్డ్‌వేర్ దుకాణంలో చిల్లర డబ్బులకు దొరికే ఆ రింగ్ గురిని కళ్ళముందే బాగుచేస్తుంది. ఇంకో జాగ్రత్త: కాల్చేటప్పుడు ఇసుక సంచిని ముందు చెక్క కొస కింద పెట్టకండి, మడత ఉన్నచోటికి దగ్గరగా పెట్టండి, ప్రతిసారీ అక్కడే పెట్టండి, వేటలోనూ చేయి అక్కడే ఉంచండి. రూగర్ నంబర్ వన్‌లో ముందు చెక్క వేరే ఉక్కు కడ్డీకి వేలాడుతుంది, అయినా దాని ఒత్తిడి కూడా సరిచూసుకోవలసిందే.

తూటాల్లో మీకు సులభంగా దొరికేవి మూడు. .350 లెజెండ్ 2019లో వచ్చింది. భుజానికి దెబ్బ తక్కువ, కొత్తవారికి నేను ముందుగా చెప్పేది ఇదే. 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) గుండు సెకనుకు సుమారు 2,300 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 100 గజాల దగ్గర గురి సరిచేసుకుంటే 200 గజాల దగ్గర దాదాపు జానెడు కిందికి దిగుతుంది. .450 బుష్‌మాస్టర్ గట్టి తూటా, తేలికపాటి రైఫిల్‌లో భుజం అదిరిపోతుంది. .45-70ను అమెరికా సైన్యం 1873లో చేపట్టింది. అడుగున అంచు ఉన్న తూటా కావడంతో విరిచే రైఫిల్‌లో చక్కగా కూర్చుంటుంది, కాల్చిన డొప్ప ఇబ్బంది లేకుండా బయటికి వస్తుంది. నా చేతిలో ఉన్నది .45-70 రూగర్ నంబర్ వన్, నాకు ఎంతో ఇష్టమైన రైఫిల్ అది. అయినా మొదటి రైఫిల్‌గా ఎవరికీ .45-70 చెప్పను. దెబ్బకు భయపడటం మొదలైతే ట్రిగ్గర్ నొక్కేముందే కన్ను మూసుకుపోతుంది, ఆ అలవాటు పోగొట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. పైగా .45-70 తూటాలు పాత బలహీనమైన రైఫిళ్ళకు ఒక ఒత్తిడిలో, కొత్తవాటికి మరో ఒత్తిడిలో తయారవుతాయి. పెట్టె మీద రాసింది చదవకుండా కొనరాదు.

ట్రిగ్గర్ శుభ్రంగా, జారుడు లేకుండా, మూడు నాలుగు పౌన్ల బరువుకు తెగాలి. దుకాణదారును అడిగి ఖాళీ రైఫిల్‌తో నొక్కి చూడండి. విరిచే రకాల్లో బయట సుత్తి ఉంటుంది. స్కోపు (గురి చూసే దుర్బిణి) బిగించిన తరువాత దాన్ని బొటనవేలితో లాగడం కష్టం కనుక పక్కకు పొడుచుకువచ్చే చిన్న పిడి అమర్చుకోండి. చలికాలపు చేతితొడుగులతో సుత్తి లాగడం, కాల్చకుండా మెల్లగా దించడం ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో బాగా అలవాటు చేసుకోవాలి. వేలు జారి కాలే ప్రమాదం ఉన్నది అక్కడే. స్కోపుకూ కంటికీ మధ్య కనీసం మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి.

కొన్న తరువాత పరీక్షించే పద్ధతి చెబుతాను. ఒకే గురికాగితాన్ని భద్రంగా దాచుకోండి. రేంజికి వెళ్ళిన ప్రతిసారీ బ్యారెల్ చల్లగా ఉండగానే ఆ కాగితం మీద ఒక్కటంటే ఒక్క గుండు కాల్చి, రంధ్రం పక్కన పెన్సిలుతో తేదీ, వాతావరణం రాసి కాగితం తీసేయండి. మిగతా సాధన వేరే కాగితం మీద చేసుకోండి. కొన్ని వారాలకు ఆ పాత కాగితం మీద రంధ్రాలన్నీ అరచేతిలో పట్టేంత చోట ఉంటే మీ రైఫిలూ మీరూ వేటకు సిద్ధం. ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టినవారైతే ఊపిరి నిలపడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం మీకు తెలిసే ఉంటుంది. ఒలింపిక్స్ 50 మీటర్ల పోటీలో వాడేది కూడా ఒక్కో తూటా చేత్తో పెట్టుకునే రైఫిలే.

కాబట్టి మీ ప్రశ్నకు సూటిగా జవాబు: .350 లెజెండ్‌లో సీవీఏ స్కౌట్ గానీ హెన్రీ గానీ తీసుకోండి, మిగిలిన డబ్బు మంచి స్కోపుకూ తూటాలకూ పెట్టండి. హైవాల్, నంబర్ వన్ వంటివి నాలుగైదు వేటల తరువాత, ఈ పని మీకు నిజంగా నచ్చిందని తేలాక కొనండి. పాతది కొనేటట్టయితే ముందుగా ఖాళీగా ఉన్నదని చూసుకుని, ముందు చెక్క ఊడదీసి, రైఫిల్ మూసి, బ్యారెల్‌ను అటూ ఇటూ కదిపి చూడండి. కొద్దిగా ఆడినా వదిలేయండి, ధర ఎంత తక్కువైనా సరే.

1980 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు లైసెన్సుకు ముందు వేట భద్రత కోర్సు పూర్తిచేయాలి. జింక పర్మిట్ వేరు, అది జిల్లాల వారీగా ఇస్తారు. నారింజ లేదా గులాబీ రంగు టోపీతో పాటు ఒంటిపైన 400 చదరపు అంగుళాల ఆ రంగు బట్ట తప్పనిసరి. నిబంధనలు ఏటా మారుతుంటాయి కనుక రాష్ట్ర ప్రకృతి వనరుల శాఖ ఆ సంవత్సరానికి వేసిన పుస్తకం చదవండి.

సెలవులకు బెంగళూరు వచ్చేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. మీ గదిలో ఉండే స్నేహితుడు కూడా హెచ్-1బి మీద ఉండి వేట లైసెన్సు లేనివాడైతే, రైఫిల్ పెట్టె తాళంచెవి ఆయనకు ఇవ్వకండి. ఇచ్చారంటే రైఫిల్ ఆయన దగ్గర ఉన్నట్టే లెక్కకట్టవచ్చు. రేంజికి తీసుకెళ్ళిన బ్యాగును గానీ కోటును గానీ విమానానికి వాడకండి. జేబు మూలలో మరచిపోయిన ఒక్క తూటా కెంపేగౌడ విమానాశ్రయం తనిఖీలో కనబడినా 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పడుతుంది. మీ కోసం బయట ఎదురుచూస్తున్న అమ్మానాన్నలు పోలీసు స్టేషనుకు రావలసి వస్తుంది. వేటకు వాడే బ్యాగు వేరుగా ఉంచి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి.