ఐవీఎఫ్ సెంటర్ సరే, మీవారి రిపోర్టు ఏది?

పెళ్లై నాలుగేళ్లయింది, పిల్లల్లేరు, నల్గొండ నుంచి హైదరాబాద్‌లో ఏ ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) సెంటర్‌కి వెళ్లాలి అని అడిగారు. మీ థైరాయిడ్, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష), ట్యూబుల ఎక్స్‌రే అన్నీ రాశారు. మీవారిది ఒక్క రిపోర్టూ లేదు.

మాది దేవరకొండ వైపు. మా ఇంట్లోనూ ఇదే వరస. ట్యూబుల పరీక్ష నొప్పి నాది, చెరువుగట్టు మొక్కులు నావి. వీర్య పరీక్షకు రాసిన చీటీ మాత్రం మా ఆయన జేబులోనే నలిగిపోయింది. "మావోనికేం పరీక్షలు? గడ్డపార లెక్కున్నడు" అనేది అత్తమ్మ.

హైదరాబాద్‌లో ఒక సెంటర్‌కి వెళ్తే, డాక్టర్ కంటే ముందే కౌన్సెలర్ కూర్చోబెట్టి క్యాలిక్యులేటర్ తీసింది. ప్యాకేజీ, ఈఎంఐ, ఆఫర్. మా ఆయన మనసులో అప్పటికే అరెకరం అమ్మేశాడు. అంతసేపూ నోరు మెదపని మామ అడిగాడు: "వీని పరీక్ష చెయ్యకుండనే రేటెట్ల చెప్తున్రు బిడ్డా?" "అది ప్యాకేజీలోనే ఉంటదంకుల్" అంది. మామ లేచి, కొడుకు రెక్క పట్టుకుని పక్క సందులోని ల్యాబ్‌కి తీసుకుపోయాడు. శాంపిల్ ఇవ్వాల్సిన బాత్రూంకి గొళ్లెం లేదు. లోపల కొడుకు, బయట తలుపు లాగి పట్టుకుని తండ్రి! నేను నవ్వాపుకోలేక రోడ్డు మీదికొచ్చేశా.

వీర్యకణాల కౌంట్ తక్కువ. గుట్కా మానమన్నారు, మందులిచ్చి మూడు నెలలాగి రమ్మన్నారు. వీర్యకణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుందట. ఆ తర్వాత ఐయూఐతో, అంటే వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపే పద్ధతితో, పాప పుట్టింది. అరెకరం అలాగే ఉంది.

ఇంకో మంట. సీమంతాల్లో నాతో గాజులు వేయించకుండా పక్కకు జరిపిన వాళ్లు మా ఆయన్ని ఒక్క మాటైనా అన్నారా? లేదు.

గాంధీ ఆసుపత్రిలో 2023లో సర్కారు ఐవీఎఫ్ సెంటర్ పెట్టారు, ముందు అక్కడ కనుక్కోండి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో 2019 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలున్నాయి, మరి ఈ వైద్యానికి మాత్రం మనం బస్సెక్కాలా? ప్రైవేటుకే వెళ్తే ఐవీఎఫ్ సెంటర్ల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఆ చట్టం ప్రకారం వయసు ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 నిండకూడదు.

మీవారి పరీక్ష నల్గొండలోనే అయిపోతుంది. దానికి ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా, కలయికకు దూరంగా ఉండాలి. కౌంట్ తక్కువొస్తే కంగారుపడి సంతకాలు పెట్టకండి, కొన్ని వారాలాగి మళ్లీ చేయించండి. మంచి డాక్టరెవరూ ఒక్క రిపోర్టుతో తేల్చరు.